మన కోతి, మన పాలసొర: కాన్పుల లెక్క

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరినైనా కోతుల గురించి అడగండి, "మితిమీరిపోయాయి" అంటారు. సొరల గురించి అడగండి, "సముద్రంలో చేపకేం కొదవ" అంటారు. కానీ ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో మన కోతి, మన పాలసొర రెండూ ఒకే అరలో ఉన్నాయి. అంతరించే ముప్పు వైపు జారుతున్న జాతుల అర అది. మనం ఎక్కువైందనుకునేదీ తరగదనుకునేదీ అక్కడ పక్కపక్కన ఎందుకున్నాయో తెలియాలంటే రెండింటి కాన్పుల లెక్క చూడాలి. ఈ రెండింటితో మనం రోజూ పడే తిప్పలకు మందు కూడా ఆ లెక్కలోనే దొరుకుతుంది.

ముందు ఏ కోతి, ఏ సొర అన్నది తేల్చుకుందాం. పెంచలకోన లాంటి కొండ క్షేత్రాల్లో, ఉదయగిరి వైపు మెట్టల్లో, ఊరి చెరువు గట్టు మర్రిచెట్ల మీద కనిపించే మామూలు కోతి శాస్త్రీయ నామం మకాకా రేడియేటా. ఇది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. నడినెత్తిన సుడి ఉండి, అక్కడి నుంచి వెంట్రుకలు అన్ని వైపులకూ టోపీ పెట్టినట్టు పరుచుకుంటాయి. నుదురు ముడతలతో బోసిగా ఉంటుంది. తోక ఒంటికన్నా పొడుగు. ఉత్తరాది కోతి రీసస్‌కు ఈ టోపీ ఉండదు, తల వెంట్రుకలు వెనక్కి దువ్వినట్టుంటాయి. నడుము కింది భాగం ఎర్రటి నారింజ ఛాయలో ఉంటుంది, తోక పొట్టి, ఒంటి పొడవులో సగం ఉంటే గొప్ప. కొండముచ్చు సంగతి వేరే. నల్ల ముఖం, బూడిద రంగు ఒళ్లు, బారెడు తోక, ఆకులు అరిగించుకోగల గదుల పొట్ట. దాన్ని ఈ లెక్కలో కలపకండి.

తేడా చూడటం ఎందుకంటే, ఒకప్పుడు తూర్పున గోదావరిని రీసస్ కోతికి దక్షిణపు హద్దుగా చెప్పేవారు. ఇప్పుడది గోదావరి దాటి దక్షిణానికి వ్యాపించింది. అది వచ్చిన చోట మన టోపీ కోతి వెనక్కి తగ్గుతోందని పరిశోధకులు 2011లోనే హెచ్చరించారు. పట్టుకున్న కోతుల్ని లారీల్లో తెచ్చి ఎక్కడో వదలడం ఈ వ్యాప్తికి తోడైంది. మీ ఊరి గుడి దగ్గర గుంపులో ఎర్ర నడుము, పొట్టి తోక కోతి కనబడితే ఫొటో తీసి అటవీ శాఖ వాళ్లకు పంపండి. అది పనికొచ్చే సమాచారం.

ఇక పాలసొర, శాస్త్రీయ నామం రైజోప్రియొనొడాన్ అక్యూటస్. కృష్ణపట్నం, జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు తీరంలో వలకు తగిలే చిన్న సొరల్లో ఇదొకటి. సాధారణంగా మీటరు, మీటరుంపావుకు మించదు. పైన బూడిద లేదా గోధుమ రంగు, కింద తెలుపు, ఒంటి మీద మచ్చలూ చారలూ ఉండవు. గుర్తుపట్టడానికి రంగును నమ్మకండి, ఐసులో పడితే అన్ని చిన్న సొరలూ ఒకేలా కనిపిస్తాయి. నోటి మూల చూడండి. పై దవడ మూల నుంచి ముక్కు వైపు సాగే పొడవాటి గాడి ఉంటుంది. నోటి మూలకు కాస్త పైన, రెండు వైపులా పెద్ద సూదిరంధ్రాల వరుస కనిపిస్తుంది. తర్వాత వెనక రెక్కలు చూడండి. వీపు మీది రెండో రెక్క చాలా చిన్నది. అది కింద మలద్వారం వెనకున్న రెక్క మొదలైన చోటికి ఎదురుగా ఉండదు, ఆ రెక్క ముగిసే చోటికి దగ్గరగా మొదలవుతుంది. ఈ గుర్తులన్నీ కలిస్తే పాలసొరే. తల పారలాగా పలచగా, వెడల్పుగా, ఒళ్లు రెండడుగుల్లోపే ఉంటే అది స్కోలియొడాన్, పారముక్కు సొర. రేవులో రెండూ ఒకే గంపలో పడతాయి కానీ వాటి కాన్పు లెక్క వేరు. పారముక్కు సొర ఒక ఈతకు డజను పిల్లల దాకా, ఒక్కోసారి అంతకుమించి కంటుంది. పాలసొరకు అంత బలగం లేదు.

ఒంటి తీరులో ఈ రెండు ప్రాణులకూ పోలిక తక్కువ. కోతికి ఎముకలు, సొరకు మృదులాస్థి. కోతి ఒంటి వేడి ఎండలోనూ చలిలోనూ ఒకేలా నిలుస్తుంది, పాలసొర ఒంటి వేడి నీళ్లను బట్టి మారుతుంది. కోతికి పాలపళ్లు రాలాక 32 పళ్లు వస్తాయి, అవి పోతే మళ్లీ రావు, సొరకు పళ్ల లోపలి వరుసలు జీవితాంతం ముందుకు జరుగుతూనే ఉంటాయి. కోతి మనలాగే ఎరుపును పచ్చ నుంచి విడదీసి చూడగలదు. ఆకుల మధ్య పండిన కాయ దానికి దూరం నుంచే తెలుస్తుంది, మీ చేతిలో ఎర్ర ప్లాస్టిక్ సంచి కూడా అంతే. సొరకు రంగులు తేడాగా కనిపించవని ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు చెబుతున్నాయి. బదులుగా ముక్కు చుట్టూ ఉన్న జిగురు నిండిన సన్నని గొట్టాలతో ఇసుకలో దాగిన చేప ఒంట్లోని విద్యుత్తును కూడా పట్టేస్తుంది.

ఇంత తేడా ఉన్న ఒళ్లు కడుపు దగ్గరికొచ్చేసరికి ఒకే పద్ధతి పట్టాయి. అక్కడ కాస్త నిలబడి చూడాలి.

పాలసొర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. మగ సొరకు పొట్ట కింద రెక్కల లోపలి అంచున రెండు కడ్డీల్లాంటి అవయవాలుంటాయి, వాటితో ఆడదాని ఒంటి లోపలే ఫలదీకరణ జరుగుతుంది. పిండం మొదట్లో తన సొన మీద బతుకుతుంది. ఆ సొన అయిపోయే వేళకు ఖాళీ అయిన సొనసంచి తల్లి గర్భాశయం గోడకు అతుక్కుని మాయగా (ప్లాసెంటాగా) మారుతుంది. బొడ్డుతాడు ఏర్పడుతుంది. అక్కడి నుంచి కాన్పు దాకా తల్లి నెత్తురులోని పోషకాలే ఆ తాడు గుండా పిల్లకు చేరతాయి. గర్భాశయాలు రెండు, పిల్ల పిల్లకూ లోపల వేరు వేరు అరలు. చూలు మొత్తం దాదాపు ఏడాది. పుట్టేవి ఒకటి నుంచి ఎనిమిది, ఎక్కువగా రెండు నుంచి ఐదు. పుట్టినప్పుడే ఒక్కొక్కటి 25 నుంచి 39 సెంటీమీటర్లు, అంటే తల్లి పొడవులో దాదాపు మూడో వంతు. అంత పెద్ద పిల్లల్ని కనే జీవికి ఎక్కువమందిని కనడం కుదరదు.

కోతి చూలు ఐదున్నర నెలలు. పిల్ల ఒక్కటే, కవలలు చాలా అరుదు. ఆడకోతి బరువు నాలుగు కిలోల చుట్టుపక్కల ఉంటే, పిల్ల దాదాపు దానిలో పదో వంతు. కోతి మాయ మనుషుల మాయ లాంటిది, తల్లి నెత్తురు నేరుగా మాయ పోగుల్ని తడుపుతుంది. సొర మాయలో తల్లికీ పిల్లకూ మధ్య పలచని గుడ్డు పొర చివరిదాకా ఉండిపోతుంది. పాలిచ్చే జంతువులకూ సొరలకూ ఈ మాయ ఒకరి నుంచి ఒకరికి వచ్చింది కాదు, రెండు వంశాల్లో విడివిడిగా పుట్టిన ఏర్పాటు. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

దీనివల్ల రేవులో నిలబడి చూసేవాళ్లకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. చిన్న పాలసొరను వెల్లకిలా తిప్పి, ఛాతీ రెక్కల మధ్య చూడండి. అక్కడ తెరుచుకున్న గాటు గానీ, పచ్చిగా మానుతున్న చీలిక గానీ ఉంటే అది బొడ్డు. ఆ పిల్ల పుట్టి కొన్ని వారాలే అయిందన్నమాట. గాటు మూసుకుపోయి గీతగా మిగిలితే ఇంకొంచెం వయసుంది. మగవైతే పొట్ట రెక్కల దగ్గరి కడ్డీలను వేలితో వంచి చూడండి. మెత్తగా వంగితే ఈడుకు రాలేదు, గట్టిపడి వంగకపోతే వచ్చింది. ఆడవాటికి బయట అంత తేలికైన గుర్తు లేదు, పొడవే కొలమానం. ప్రాంతాన్ని బట్టి మారుతుంది కానీ 70 సెంటీమీటర్లు దాటని పాలసొర తల్లి అయ్యుండదని అనుకోవడం మంచిది. రెండడుగుల నాలుగంగుళాలని గుర్తుపెట్టుకోండి.

కాన్పు అయిన మరుక్షణం నుంచి దారులు వేరు. పాలసొర పిల్ల పుట్టీ పుట్టగానే ఒంటరి. తల్లి పాలివ్వదు, కాపలా కాయదు, పక్కన ఉండదు. పిల్లలు లోతు తక్కువ నీళ్లలో చిన్న చేపలూ రొయ్యలూ తింటూ పెరుగుతాయి. పెద్ద సొరలు అక్కడికి తక్కువగా రావడమే వాటికున్న రక్ష. అదే లోతు తక్కువ నీళ్లలో మన వలలూ ఎక్కువ. బతికి బట్టకడితే రెండు మూడేళ్లలో ఈడుకొస్తాయి, ఎనిమిదేళ్ల దాకా బతకగలవు.

కోతిపిల్లకు ఎదురైన లోకం వేరు. పుట్టినప్పుడు ఒళ్లు నల్లటి వెంట్రుకలతో, ముఖం లేత గులాబీ రంగులో ఉంటుంది. మొదటి వారాలు తల్లి పొట్టను కరుచుకునే ఉంటుంది. ఆరేడు నెలలు దాటాక పాలు తగ్గుతాయి. ఆడపిల్ల పుట్టిన గుంపులోనే జీవితాంతం ఉంటుంది, తల్లి హోదా దానికి వస్తుంది. మగవి ఈడొచ్చాక వేరే గుంపులకు వెళ్తాయి. అంటే గుంపు అనేది తల్లులూ, పిన్నులూ, అక్కచెల్లెళ్ల కాపురం. ఏ చింతచెట్టు ఎప్పుడు చిగురిస్తుంది, వేసవిలో నీళ్లు ఏ దొనలో మిగులుతాయి, ఏ ఇంటి వెనక చెత్తకుండీకి మూత లేదు అన్నది ఆ ఆడవాటికే తెలుసు. ఆడకోతి నాలుగేళ్లకు తల్లవుతుంది, ఏడాదికో ఏడాదిన్నరకో ఒక పిల్ల.

ఇప్పుడు లెక్క చూద్దాం. పాలసొర మూడో ఏట మొదలుపెట్టి ఏటా మూడేసి పిల్లల్ని కన్నా, పూర్తి ఆయుష్షులో పదిహేను పద్దెనిమిది పిల్లలు. కొన్ని ఆడవి ఏడాది విడిచి ఏడాది కంటాయి, అప్పుడు ఇది సగమే. అదే నీళ్లలోని కవళ్లు అనే చిన్న చేపలు ఒక్క విడతలోనే వేలకు వేల గుడ్లు వదులుతాయి. కవళ్ల సంఖ్య పడిపోయినా సముద్రం అనుకూలిస్తే కొన్నేళ్లలో లేస్తుంది. సొర అలా లేవదు. దాని పిల్లల లెక్క కోతి లెక్కకు దగ్గర, కవళ్ల లెక్కకు కాదు. అయినా మనం రేవులో దాన్ని కవళ్ల పక్కన పోసి చేపల ఖాతాలో రాస్తున్నాం. పొరపాటు మొత్తం అక్కడే ఉంది.

కోతి విషయంలో పొరపాటు ఇంకోలా జరిగింది. అడవిలో కోతికి ఏడాదంతా సరిపడా తిండి దొరకదు, పిల్లల్లో కొన్ని చనిపోతాయి, కాన్పుకూ కాన్పుకూ ఎడం పెరుగుతుంది. ఊళ్లో అన్నం, కొబ్బరి చిప్ప, అరటిపండు, చెత్తకుప్ప ఏడాది పొడవునా దొరుకుతాయి. అలాంటి గుంపులో ఆడది ఏటా ఈనుతుంది, పిల్లలూ ఎక్కువ బతుకుతాయి. కాబట్టి ఊళ్లో గుంపు పెరగడం నిజం. కానీ అదే సమయంలో రోడ్ల పక్క మర్రీ చింతా పోయి, మెట్టల్లో నీటి దొనలు ఎండి, ఊళ్లకు దూరంగా బతికే గుంపులు మాయమయ్యాయి. కనిపించేచోట దట్టంగా ఉన్నాయి గనుక ఎక్కువైనట్టు తోస్తుంది. కనుమరుగైన చోటు ఎవరికీ కనబడదు.

ఇందులోంచే మందు తేలుతుంది. కోతుల సంఖ్యను నడిపేది తిండి, కాబట్టి తిండి దగ్గర ఆపాలి. పట్టి ఎక్కడో వదలడం పనికిరాదు. ఎందుకో చెబుతాను. బోనులో ముందు పడేది ధైర్యమున్న కుర్ర మగవి, ఆకలిగొన్న పిల్లలు. ఆడవాటి కాపురం చెక్కుచెదరకుండా మిగులుతుంది, తిండీ అలాగే ఉంటుంది, ఒకటి రెండేళ్లలో ఖాళీ నిండిపోతుంది. మొత్తం గుంపును పట్టినా పక్క గుంపు ఆ చోటును ఆక్రమిస్తుంది. వదిలిన చోట అవి అడవి తిండి ఎరగవు, దగ్గరి ఊరి మీదే పడతాయి. పైగా కోతి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా పట్టడం, తరలించడం, చంపడం నేరం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కొంత పనిచేస్తాయి, పొరుగు తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020లో అందుకోసం కేంద్రం పెట్టారు. కానీ గుంపులోని ఆడవాటిలో ఎక్కువభాగానికి చేస్తేనే ఫలితం కనబడుతుంది. నాలుగైదు కోతులకు చేసి ఆపితే ఖర్చే మిగులుతుంది.

ఊరిలో చేయగలిగినవి ఇవి. చెత్త డబ్బాకు బరువైన, గొళ్లెం ఉన్న మూత పెట్టాలి. బరువు మూత ఒక్కటే చాలదు, రెండు కోతులు కలిసి తోసేస్తాయి. చెత్త బండి పొద్దున్నే రావాలి, ఎందుకంటే కోతులు ఎక్కువగా తిండికి తిరిగేది పొద్దున, మళ్లీ సాయంత్రం. రాత్రి కోతి తిరగదు గనుక రాత్రి బయటపెట్టినా ఏం కాదనుకోకండి, తెల్లారగానే అది అక్కడే ఉంటుంది. గుడి దగ్గర ప్రసాదం పొట్లాలు కౌంటర్ దగ్గరే తినేలా జాలీ వేసిన మండపం ఉంటే మెట్ల మీద సగం తగువులు తగ్గుతాయి. భక్తితో అరటిపళ్లు పెట్టేవారి మనసు మంచిదే. కానీ చేతి నుంచి తిన్న కోతి తర్వాత వచ్చే పసిపిల్ల చేతిలోని బిస్కట్ పొట్లాన్నీ తనదే అనుకుంటుంది, ఇవ్వకపోతే కరుస్తుంది. పెట్టకండి.

పొలం దగ్గర, మామిడి, జామ, వేరుశనగ, మొక్కజొన్న, కంది దెబ్బతింటాయి. పొగాకు జోలికి రావు. అడవి అంచున ఉన్న మడిలో కోతి తినని పంట వేసి, తినే పంటను ఊరి వైపు పెట్టడం ఒక ఉపాయం. సోలార్ కంచె పనిచేయాలంటే రెండు షరతులు. కంచె పైకి వాలిన కొమ్మ ఒక్కటి కూడా ఉండకూడదు, తీగకు పచ్చిగడ్డి తగలకూడదు. కొమ్మ ఉంటే అవి పైనుంచి దిగుతాయి, గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోయి తీగలో దెబ్బ ఉండదు. వారానికొకసారి గడ్డి కొయ్యకపోతే డబ్బు దండగ. ఇంటి మెయిన్ లైను నుంచి కంచెకు కరెంటు ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, మనుషులు పోతారు, కేసూ అవుతుంది. టపాకాయల మోత నాలుగు రోజులే పనిచేస్తుంది. కార్బైడ్ గొట్టం తుపాకులు పేల్చేవాళ్ల కళ్లనే కాలుస్తాయి. పిల్లల చేతికి అసలు ఇవ్వకండి. కొండముచ్చును తెచ్చి కట్టేయడం కూడా చట్టరీత్యా నేరమే.

కోతి ఎదురుపడితే దాని ముఖం చదవాలి. నోరు తెరిచి, కనుబొమలు పైకెత్తి, మీ కళ్లలోకే చూస్తే అది బెదిరింపు. పళ్లు బయటపెట్టి పెదాలు వెనక్కి లాగితే భయపడుతోంది, దారి ఇవ్వండి. మీరు మాత్రం పళ్లు కనబడేలా నవ్వకండి, కళ్లలోకి చూడకండి. ఖాళీ అరచేతులు చూపించి, పక్కకు తిరిగి, మెల్లగా జరగండి. పరుగెత్తితే వెంటపడుతుంది. పొట్టకు కరుచుకున్న పిల్ల ఉన్న తల్లికి మరింత దూరం పాటించాలి.

కరిచినా, గీరినా, సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పూయకూడదు. గాయాన్ని గట్టిగా కట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆపై 3, 7, 28 రోజులకు వేస్తారు. చర్మం చీలితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సూదిమందు) కూడా అవసరం, అడిగి వేయించుకోండి. రెండు సూదులయ్యాక బాగానే ఉంది కదా అని మానేయడమే జనం ఎక్కువగా చేసే తప్పు.

ఇక వంటింటి దాకా వచ్చే పాలసొర సంగతి. సొర మాంసం త్వరగా ఘాటు వాసన కొట్టడానికి కారణం దాని ఒంట్లోనే ఉంది. ఉప్పునీళ్లలో ఒంటి నీరు బయటికి పోకుండా సొర తన నెత్తురులో, కండలో యూరియా నిలుపుకుంటుంది. చచ్చాక బ్యాక్టీరియా ఆ యూరియాను అమోనియాగా మారుస్తుంది, ఎండ తగిలితే ఇంకా వేగంగా. అందుకే పడవ మీదనే నెత్తురు పోనిచ్చి, పేగులు తీసి, చేప బరువంత ఐసు వేస్తే సరుకు నిలుస్తుంది. కొనేటప్పుడు మొప్పల చీలికల దగ్గర ముక్కు పెట్టి చూడండి. సముద్రపు వాసన ఉంటే తీసుకోండి. కొద్దిపాటి ఘాటు ఉంటే నిమ్మరసం కలిపిన నీళ్లలో అరగంట నానబెడితే విరుగుతుంది. కళ్లు మండేంత ఘాటు ఉంటే పులుసులో ఎంత చింతపండు పోసినా బాగుపడదు, వదిలేయండి.

సొర పిట్టుకు కిలో ముక్కలు తీసుకుంటే, మునిగేన్ని నీళ్లలో చిటికెడు పసుపు, చెంచా ఉప్పు వేసి ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించాలి. గరుకు తోలు అప్పుడు చేత్తోనే ఊడొస్తుంది. మధ్యలోని మెత్తని వెన్నుపూసలు తీసేసి, కండను గుడ్డలో మూటకట్టి నీళ్లన్నీ పిండాలి. ఈ పిండటం దగ్గరే పిట్టు బాగుపడుతుంది లేదా చెడుతుంది. తడి ఉంటే మూకుడులో ముద్ద కట్టి వాసన మిగులుతుంది. ఎక్కువసేపు ఉడికిస్తే పోగులు చితికి పిండిలా అవుతుంది. పిండాక వేళ్లతో విడదీసి, నూనెలో కరివేపాకు, పావుకిలో ఉల్లిపాయలు, ఆరేడు పచ్చిమిర్చి, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి వేగాక వేసి, సన్న సెగ మీద పొడిపొడిగా అయ్యేదాకా కలుపుతూ ఉండాలి. చివర్లో మిరియాల పొడి.

బాలింతలకు పాలు పడతాయని పాలసొర పెట్టడం మన తీరంలో పాత అలవాటు. ఆ ఆలోచన వెనక ప్రేమను నేను తక్కువ చేయను. పచ్చి బాలింతకు మాంసకృత్తులు కావాలి, సొరలో అవి దండిగా ఉన్నాయి. కానీ సొర వేటాడి తినే చేప. చిన్న చేపల్లోని పాదరసం దాని కండలో పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినకూడని చేపల జాబితాలో అమెరికా ఆహార ఔషధ సంస్థ సొరను చేర్చింది. అది పసిబిడ్డ మెదడు ఎదుగుదలకు సంబంధించిన విషయం. పాలు పెరిగేది ముఖ్యంగా బిడ్డ తరచుగా రొమ్ము పట్టడం వల్ల, తల్లి మాత్రం కడుపునిండా తిని దాహానికి నీళ్లు తాగుతూ ఉండాలి. చేపే పెట్టాలనుకుంటే కవళ్లు, నెత్తళ్లు పెట్టండి. చవక, చిన్నవి గనుక పాదరసం తక్కువ, ముల్లుతో తింటే కాల్షియం కూడా. ఇంట్లో మిగతా పెద్దవాళ్లు నెలకో రెండు నెలలకో సొర తినడం వేరే సంగతి.

కొనేవాళ్ల చేతిలో ఉన్న ఇంకో పని, పొడవు చూడటం. మూరెడు సొరలు, బొడ్డు గాటు మానని పిల్లలు గంపలో కనబడితే కొనకండి. లేతగా ఉంటాయని వాటికి గిరాకీ ఉంది, ఆ గిరాకీయే వాటిని రేవుకు తెస్తోంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంది. అది ఏడాదికి రెండు నెలలే, పాలసొర చూలు పన్నెండు నెలలు. ఏ నెలలో వల వేసినా కడుపుతో ఉన్న సొర పడే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ నిషేధం ఒక్కటే దీన్ని కాపాడలేదు.

చట్టం సంగతి కూడా పట్టపుపాలేల్లో (మత్స్యకారుల ఊళ్లలో) అందరికీ తెలిసుండాలి. సముద్రంలో సొర రెక్కలు కోసి ఒళ్లు పారేయడం 2013 నుంచి నిషేధం, ఒళ్లు రెక్కలతో సహా ఒడ్డుకు రావాలి. రెక్కల ఎగుమతిని 2015లో ఆపేశారు. పాలసొర కుటుంబం మొత్తాన్ని వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చే నిర్ణయం 2022 నవంబరులో జరిగి, మరుసటి ఏడాది నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే దేశం దాటించాలంటే అనుమతి పత్రం ఉండాలి. స్థానికంగా పాలసొర పట్టడం, అమ్మడం నేరం కాదు. తిమింగల సొర, రంపపు చేప మాత్రం పూర్తి రక్షణలో ఉన్నాయి. వాటిని వలలో చూస్తే వల కోసైనా వదలాల్సిందే.

వలలో బతికున్న చిన్న పాలసొరను వదలాలనుకునే మత్స్యకారులకు కొన్ని మాటలు. ఈ రకం సొరకు మొప్పల మీదుగా నీళ్లు పారాలంటే ఈదుతూ ఉండాలి. మొప్పలకు తగులుకునే గిల్ నెట్టు వలలో చిక్కి కదలలేకపోతే ఊపిరాడదు, రాత్రంతా వదిలేసిన వలలో ఎక్కువభాగం చచ్చే ఉంటాయి. వల తొందరగా చూసుకుంటే వదలదగ్గవి మిగులుతాయి. తోక పట్టి వేలాడదీయకండి. లోపలి అవయవాలను పట్టి ఉంచే పక్కటెముకలు సొరకు లేవు, నీళ్ల బయట దాని బరువే దాన్ని నలుపుతుంది. ఒక చెయ్యి ఛాతీ రెక్కల వెనక, ఒక చెయ్యి తోక మొదట్లో వేసి అడ్డంగా ఎత్తాలి. మొప్పల చీలికల్లో వేళ్లు పెట్టకూడదు. మొప్పకు దారం చిక్కితే లాగకుండా కత్తితో తెంచాలి. నీళ్లలో తల ముందుకు పెట్టి, పడవ మెల్లగా సాగుతుండగా కాసేపు పట్టుకుంటే మొప్పల్లోకి నీళ్లు పారతాయి. తోక తనంతట తాను గట్టిగా కొట్టినప్పుడు చెయ్యి వదిలేయాలి.